నచ్చిన పుస్తకాల లెక్క

చిన్నీకి పెదనాన్న ఆశీస్సులు.

ఈ ఏడాది ముప్పై ఒక్క పుస్తకాలు చదివానని, వాటిలో బాగా నచ్చిన ఐదు ఏవో తేల్చుకోలేకపోతున్నానని రాశావు. చాలా సంతోషమేసింది. కానీ డిసెంబరులో కూర్చుని ఒక్కసారే తేల్చాలంటే కష్టం తల్లీ. పుస్తకం మూసిన రోజు ఉండే ఇష్టం వేరు, రెండు మూడు నెలల తర్వాత మిగిలేది వేరు. నేను ఒక్కో పుస్తకానికి నోట్‌బుక్‌లో ఒక పేజీ ఇస్తాను. పై సగంలో చదివిన వారంలోనే నాలుగు మాటలు రాస్తాను. కింది సగం ఖాళీగా ఉంచి, కొన్ని నెలలయ్యాక పుస్తకం తెరవకుండా ఏం గుర్తుందో రాస్తాను. ఏడాది చివర ఆ కింది సగాలు చూసుకుంటే చాలు.

ఒక్కో పుస్తకానికి ఒక్కో నడక ఉంటుంది. కేశవరెడ్డిగారి ‘అతడు అడవిని జయించాడు’ ఒక్క రాత్రిలో ముగించు, ఆపితే ఆ అడవి చెదిరిపోతుంది. ‘అమరావతి కథలు’ నూరు ఉన్నాయి. రోజుకి ఒకటి చాలు. ‘చిల్లర దేవుళ్లు’లో తెలంగాణ మాటలు మన కోస్తా వాళ్లకి కొన్ని కొత్తగా ఉంటాయి, పైకి చదువుకో, చెవికి పట్టుకుంటాయి.

ఈ ఏడు నాకు అన్నిటికన్నా నచ్చింది ఏనుగుల వీరాస్వామిగారి ‘కాశీయాత్ర చరిత్ర’. ఆయన 1830 మేలో చెన్నపట్నం నుంచి బయలుదేరి, హైదరాబాదు మీదుగా కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. రైలు లేదు. పల్లకీ, బోయీలు, రోజుకో మజిలీ. ఎక్కడ నీళ్లు దొరుకుతాయో, దారి ఎలా ఉందో రాసుకుంటూ పోయారు. మొదట్లో నాకూ విసుగొచ్చింది. అట్లాసు పక్కన పెట్టుకుని రోజుకి నాలుగు పేజీలే చదవడం మొదలుపెట్టాక వదలబుద్ధి కాలేదు. ఇలాంటిది ఏడాదికి ఒకటైనా పెట్టుకో. తొమ్మిది థ్రిల్లర్లు వరసగా చదివానన్నావు. తప్పేం లేదు, కానీ వాటిలో ఏది ఏదో కలిసిపోయిందని నువ్వే రాశావు. మధ్యలో ఒక యాత్రో, ఆత్మకథో పడితే అలా కలిసిపోవు.

ఇంకొకటి. ఏటా ఒక పాత పుస్తకం మళ్లీ చదువు. డాక్టర్ పి. శ్రీదేవిగారి ‘కాలాతీత వ్యక్తులు’ ఇరవై రెండేళ్లప్పుడు చదివి అందులోని ఇందిర మీద బాగా కోపం తెచ్చుకున్నాను. యాభై దాటాక చదివితే, తన జీతం మీద బతికే తండ్రిని మోస్తూనే తన సుఖం కోసం వెతుక్కునే అమ్మాయి కనిపించింది. అంత కఠినంగా ఆ పిల్లను ఎందుకు చూశానా అని చాలా రోజులు బాధపడ్డాను.

నలుగురూ మెచ్చుకున్నారని మాత్రం ఏ పుస్తకాన్నీ నీ ఐదింటిలో చేర్చకు. మూడే మిగిలితే మూడే రాయి.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నోట్‌బుక్ తెచ్చుకో. నా కాశీయాత్రకి కొత్త అట్ట వేసి నీ కోసం ఉంచాను. అట్లాసు కూడా తీసుకెళ్లు.

మీ పెదనాన్న