కుక్కపిల్ల వాంతులు చేసుకుంటూ ఏమీ తినకపోతే ఏం చేయాలి?

వాంతులు ఆగకుండా తిండి కూడా మానేస్తే అదే రోజు పశువైద్యుడికి చూపించాలి. ఒక్కసారి కక్కి మళ్లీ హుషారుగా ఆడుకుంటుంటే మాత్రం కొన్ని గంటలు గమనించవచ్చు.

తొందర ఎందుకంటే, అంత చిన్న ఒంట్లో నీటి నిల్వా తక్కువే, చక్కెర నిల్వా తక్కువే. రెండూ గంటల్లోనే పడిపోతాయి. పై పెదవి ఎత్తి చిగురు తాకి చూడండి: తడిగా జారాల్సింది వేలికి జిగటగా అంటుకుంటే ఒంట్లో నీరు తగ్గినట్టే. దారిలో ఉన్నప్పుడు నీళ్లు కొద్దికొద్దిగా నాకనివ్వండి. నోరు తెరిచి బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

ఉదాహరణకు, టీకాలు పూర్తికాని రెండు నెలల పిల్ల పొద్దున పసుపు నురుగు కక్కి, సాయంత్రానికి రక్తంతో కంపుకొట్టే విరేచనాలు మొదలుపెడితే ముందు అనుమానించాల్సింది పార్వో వైరస్‌ని. అది పేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. సెలైన్, ఆసుపత్రి సంరక్షణ అందకపోతే చాలా పిల్లలు బతకవు. మిగతా కుక్కలకు దూరంగా ఉంచండి, ఇట్టే అంటుకుంటుంది.

"ఒకరోజు కడుపు మాడిస్తే అదే సర్దుకుంటుంది" అని చాలామంది అనుకుంటారు. ఆరోగ్యమైన పెద్ద కుక్క తట్టుకుంటుందేమో గానీ, పిల్లకు చక్కెర పడిపోయి వణుకు, ఫిట్స్ వస్తాయి. ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివి అసలు వేయకండి. కుక్కలకు అవి విషమయ్యే మందులు.