సంప్‌లోకి దిగే నీటి గడగడ తగ్గేదెలా?

ప్రశ్న: మాది బరంపురం. మా ఉప్పునీటి అక్వేరియంలో ఓవర్‌ఫ్లో పెట్టె (తొట్టి అంచు నుంచి పొర్లే నీరు చేరే అర) నుంచి కింది సంప్‌లోకి (నీటిని శుద్ధిచేసే అడుగు తొట్టిలోకి) రెండు పైపుల గుండా దిగే నీరు రాత్రంతా గడగడమంటోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, గంజాం జిల్లా

జవాబు: నీటితోపాటు గాలి కూడా పైపులోకి దిగడమే ఆ చప్పుడుకు కారణం. ఒక పైపుకు గేట్ వాల్వ్ (చాలా చుట్లు తిప్పితే మెల్లగా తెరుచుకునే కవాటం) బిగించి, పెట్టెలో నీటిమట్టం ఆ పైపు మూతికి పైన నిలకడగా నిలిచేవరకు కొద్దికొద్దిగా తిప్పితే, గాలి చొరబడక పైపు నిండుగా పారుతుంది. పావు చుట్టుకే పూర్తిగా తెరుచుకునే బాల్ వాల్వ్‌తో ఇంత సన్నని సవరింపు కష్టం. పైపు కింది కొస సంప్ నీటిలో సుమారు 2 సెంటీమీటర్లు మునిగితే చాలు. మరీ లోతైతే, కరెంటు పోయి వచ్చాక లోపల చిక్కిన గాలి సులువుగా బయటపడదు. రెండో పైపు మూతిని ఇంకా ఎత్తులో ఉంచండి. మొదటిదానికి నత్తో నాచో అడ్డుపడినప్పుడు ఇల్లు తడవకుండా కాపాడేది అదే కనుక, దానికి మాత్రం ఎన్నడూ వాల్వ్ పెట్టవద్దు.