మా జిరాక్స్ షాపులో అమెరికా బ్యాలెట్

"అమెరికా ఎన్నికల్లో, ఇజ్రాయెల్, ఇండియా లాంటి విషయాల్లో అభ్యర్థి ఎటువైపు మాట్లాడాడన్నదాన్ని బట్టి అక్కడ స్థిరపడిన వలసదారులు ఓటు మార్చుకుంటారా?" అని ఒకరు అడిగారు.

మార్చుకుంటారు. కాకపోతే టీవీ చర్చల్లో చెప్పే కారణాలకి మార్చుకోరు. నేను ప్రొఫెసర్ని కాను. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర సందులో నాకో జిరాక్స్, ఆన్‌లైన్ పనుల షాపు ఉంది. పాస్‌పోర్టు దరఖాస్తులు, గల్ఫ్ వీసా ప్రింట్లు, అమెరికా వెళ్లే పిల్లల డీఎస్-160 వీసా ఫారాలు, వెళ్లి అక్కడి పౌరులైపోయిన మనవాళ్లు తీసుకునే ఓసీఐ కార్డు కాగితాలు, అన్నీ నా ప్రింటర్లోంచే వెళ్తాయి. ఈ ఊళ్లో ఎవరు ఏ దేశం ఎగిరిపోతున్నారో వాళ్ల మేనత్త కంటే నాకే ముందు తెలుస్తుంది. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

2024 అక్టోబరు, దసరాకి ఓ వారం ముందు. మా పెద్దనాన్న కూతురి భర్త, అంటే మా బావ, మిషిగన్‌లో ఉంటాడు. వెళ్లి ఇరవై ఏళ్లు దాటింది, పౌరసత్వం కూడా వచ్చింది. వాళ్ల నాన్నగారు బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకోవడంతో లాంగ్ లీవు పెట్టి వచ్చేశాడు. ఓ సాయంత్రం ఏడింటికి షాపుకొచ్చి, "ఏరా, ఒక మెయిల్ పంపాను, ప్రింటు తియ్యి. మామూలు కాగితం కాదు, మంచిది పెట్టు" అన్నాడు. తెరిచి చూస్తే అమెరికా అధ్యక్ష ఎన్నికల బ్యాలెట్.

దేశం బయట ఉన్న ఓటరు ముందుగా దరఖాస్తు పెట్టుకుంటే ఎన్నికకి 45 రోజుల ముందే బ్యాలెట్ పంపాలని అక్కడ చట్టమట. మెయిల్‌లో వచ్చినదాన్ని ప్రింటు తీసుకుని, గుండ్రాలు దిద్ది, సంతకం చేసిన కాగితంతో కలిపి కవర్లో పెట్టి పంపాలి. అక్కడి ఆఫీసులో దాన్ని చూసి, మెషిన్ చదవగలిగే అసలు బ్యాలెట్ మీదకి ఎక్కిస్తారట. ఇదంతా బావ చెబుతుంటే నాకు టెన్షన్ మొదలైంది. ఆ రోజే టోనర్ అయిపోవచ్చింది. మొదటి పేజీ మధ్యలో తెల్లటి చార పడి, సరిగ్గా ఒక అభ్యర్థి పేరు మీదుగా వెళ్లింది. ఎవరి పేరో రాయను, మళ్లీ దాని మీద గొడవలొస్తాయి. కార్ట్రిడ్జ్ బయటికి తీసి నాలుగుసార్లు ఊపి మళ్లీ తీశాను. (టోనర్ రేట్లు ఎలా ఉన్నాయో మీకు తెలీదు. నలభై ఫోటోలు వాట్సాప్‌లో పడేసి "అందులో ఆధార్ ఎక్కడో ఉంటాది చూడన్నా" అని వెళ్లిపోయేవాళ్లకి అసలే తెలీదు.)

షాపులో ఇంకో ఇద్దరున్నారు. రోజూ పేపరు చదవడానికొచ్చే రిటైర్డ్ మాస్టారు ఒకరు. కువైట్ వీసా ప్రింటు కోసం కూర్చున్న కవిటి కుర్రాడు ఇంకొకడు. బ్యాలెట్ అనే మాట చెవిన పడగానే మాస్టారు పేపరు మడిచేశారు.

"ఇంకా ఆలోచనేంటి నాయనా? మోదీగారికీ ట్రంప్‌కీ ఎంత స్నేహం! హ్యూస్టన్‌లో చేతులు పట్టుకుని స్టేడియం అంతా తిరగలేదూ? పైగా ఆయనతో ఉపాధ్యక్షుడిగా నిలబడ్డ ఆ వాన్స్ గారి భార్య ఉష మన ఆంధ్రా ఆడపడుచు."

"ట్రంప్ మీద నిలబడ్డ కమలా హారిస్ గారి తాతగారిది తమిళనాడు కదండీ మాస్టారూ. ఆ ఊరి గుళ్లో పూజలు చేస్తున్నారు, ఇటు ఉషగారి పూర్వీకుల ఊరు వడ్లూరులో ఆవిడ కోసం చేస్తున్నారు. పూజల్ని బట్టి వెయ్యాలంటే నేను చెరో సగం గుండ్రం దిద్దాలి" అన్నాడు బావ.

మాస్టారి లెక్కే మనవాళ్లందరి లెక్కా. ఆ హ్యూస్టన్ సభ 2019 సెప్టెంబరులో జరిగింది, యాభై వేల మంది వచ్చారు. మరుసటి ఏడాది ఎన్నికల ముందు కార్నెగీ అనే పరిశోధన సంస్థ భాగస్వామిగా జరిగిన సర్వేలో 72 శాతం భారతీయ అమెరికన్ ఓటర్లు ట్రంప్ ప్రత్యర్థి బైడెన్‌కే వేస్తామన్నారు. ఇండియాతో సంబంధాలు వాళ్ల ప్రాధాన్యాల్లో ఎక్కడో అడుగున ఉన్నాయి. పైనున్నవి ఆర్థిక పరిస్థితి, వైద్యం. స్టేడియంలో ఈల వేసినవాడు బూత్‌లో కూడా అలాగే వేస్తాడని అనుకోవడం మన అమాయకత్వం. మన దగ్గర మీటింగులకి లారీల్లో వచ్చే జనం సంగతి చూడటం లేదూ?

నా లామినేషన్ టేబుల్ ఖాళీ చేసి బావకి ఇచ్చాను. అధ్యక్షుడి దగ్గర నిమిషం కూడా పట్టలేదు. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను కాబట్టి ఎవరికి వేశాడో నాకు తెలీదు, అడగలేదు కూడా. ఆగస్టులోనే పోటీ నుంచి తప్పుకుని ట్రంప్‌కి మద్దతిచ్చిన రాబర్ట్ కెన్నెడీ జూనియర్ పేరు కూడా ఆ వరసలో అలాగే ఉంది. తీసేయమని కోర్టుకెళ్లినా తియ్యలేదట. "మన దగ్గరా అంతే, ఉపసంహరణ గడువు దాటాక ఎవడి పేరైనా ఉండాల్సిందే" అని మాస్టారు సంతోషించారు.

ఆ తర్వాత అసలు సినిమా మొదలైంది. సెనేటరు, ప్రతినిధుల సభ, రాష్ట్ర శాసనసభ, యూనివర్సిటీల బోర్డులు, జడ్జీలు, కౌంటీ పదవులు, చిట్టచివర స్కూలు బోర్డు. అక్కడ జడ్జీలకీ ఓట్లేస్తారు! స్కూలు బోర్డు దగ్గరికొచ్చేసరికి బావ పెన్ను ఆగిపోయింది. అక్కకి ఫోన్ చేశాడు. అక్కడ ఉదయం తొమ్మిదిన్నర దాటింది, అక్క ఆఫీసుకి డ్రైవింగ్‌లో ఉంది. స్పీకర్లో పెట్టి ఇరవై ఐదు నిమిషాలు మాట్లాడారు. ఆ ముగ్గురిలో ఎవరు గెలిస్తే చిన్నదాని స్కూలు బస్సు రూటు మార్చరు, ఎవరికి లెక్కల అడ్వాన్స్‌డ్ క్లాసులు ఎత్తేయాలని ఉంది, ఇదీ చర్చ. చైనా, రష్యా, ఇండియా ఒక్కసారి కూడా రాలేదు. అక్క చివర్లో అడిగింది ఒకటే: "మావయ్యగారు లేచి కూర్చుంటున్నారా?"

ఇక్కడితో ఆపేస్తే "వలసదారులకి విదేశాంగ విధానం పట్టదు" అని మీరు తేల్చేస్తారు. అదీ తప్పే. కవరు అంటిస్తూ బావ తన మెకానిక్ సంగతి చెప్పాడు. బావ వాళ్లింటికి అరగంట దూరంలో డియర్‌బర్న్ అనే ఊరుంది. అక్కడి జనంలో సగానికి పైగా అరబ్ మూలాలవాళ్లే. బావ కారు బాగుచేసే అతనిది దక్షిణ లెబనాన్. 2020లో బైడెన్‌కి వేశాడు. ఈసారి సెప్టెంబరు చివర్లో వాళ్ల ఊరి మీద ఇజ్రాయెల్ బాంబులు పడుతుంటే, తల్లి ఫోన్ ఎత్తడం లేదని కారు కింద పడుకునే పది నిమిషాలకోసారి రీడయల్ కొట్టేవాడట. "ఇంజన్ ఆయిల్ చేతులతోనే రా. ఫోన్ తెర అంతా నల్లగా అయిపోయింది. అతనికి నేను పన్నుల విధానం గురించి ఏం చెప్పను?" అన్నాడు బావ. షాపులో ఎవరం మాట్లాడలేదు. మాస్టారు కూడా.

ఫలితాలొచ్చాక చూశాను. డియర్‌బర్న్‌లో ట్రంప్‌కి 42 శాతం, కమలకి 36, మూడో పార్టీ జిల్ స్టెయిన్‌కి 18. బైడెన్‌కి దాదాపు 70 శాతం వేసిన ఊరది. అసలు ఆ ఫిబ్రవరిలోనే, బైడెన్ సొంత పార్టీ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నికలో, మిషిగన్‌లో లక్ష మందికి పైగా "ఎవరికీ కట్టుబడం" అన్న గడి దిద్ది, ఇజ్రాయెల్‌కి అండగా ఉన్నందుకు ఆయన్ని హెచ్చరించారు. రాష్ట్రం మొత్తం మీద ట్రంప్ మెజారిటీ 80 వేలే.

ఇప్పుడు తమాషా చూడండి. ఈ ట్రంపే 2017లో ఏడు ముస్లిం దేశాలవాళ్ల రాకని ఆపేస్తూ ఆర్డరు ఇచ్చినవాడు. ఇజ్రాయెల్ విషయంలో ఆయన కమల కంటే మెత్తన అని ఎవరూ అనరు. మరి వైఖరిని చూసి ఓటేస్తే ఆయనకెందుకు వేస్తారు? ఎన్నికకి నాలుగు రోజుల ముందు ఆయన డియర్‌బర్న్‌లో ఒక హోటల్‌కి వెళ్లి, జనంతో మాట్లాడి, శాంతి తెస్తానన్నాడు. కమల ఆ ఊరు రాలేదు. నా దృష్టిలో లెక్క అక్కడే తెగిపోయింది. చావు జరిగిన ఇంటికి పరామర్శకి వెళ్లనివాడికి మా ఊళ్లో వార్డు మెంబరు ఓటు కూడా పడదు. అమెరికా అయితే మాత్రం మనుషులు మారిపోతారా?

పాత ఉదాహరణ ఇంకోటి ఉంది. 1999లో ఎలియాన్ అనే ఐదేళ్ల క్యూబా పిల్లాడు సముద్రంలో టైరు పట్టుకుని తేలుతూ దొరికాడు. తల్లి మునిగిపోయింది. వాడిని క్యూబా తండ్రికి అప్పగించడానికి 2000 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం తెల్లవారుజామున తుపాకులతో మయామీలోని బంధువుల ఇంటికెళ్లి తీసుకుపోయింది. మయామీ క్యూబా జనం మండిపడ్డారు. ఆ ఏడాదే, ఆ ప్రభుత్వంలో ఉపాధ్యక్షుడైన అల్ గోర్ ఫ్లోరిడాలో 537 ఓట్లతో ఓడి అధ్యక్ష పదవి పోగొట్టుకున్నాడు. 537! మా వీధిలో రెండు అపార్టుమెంట్లు కలిపితే అంతమంది ఉంటారు. నాలుగు దశాబ్దాల క్యూబా విధానం ఒక ఎత్తు, ఆ పిల్లాడి ఏడుపు మొహం ఫోటో ఒక ఎత్తు.

మనవాళ్ల విషయంలో ఆ మెకానిక్ ఫోను లాంటిది ఎప్పుడు మోగుతుందంటే వీసా దగ్గర. బావ తమ్ముడు హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్నాడు, 2016లో గ్రీన్‌కార్డుకి పెట్టాడు. ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా 7 శాతమే అనే రూలు వల్ల ఇండియా క్యూ 2024 అక్టోబరుకి కూడా 2012లో పెట్టినవాళ్ల దగ్గరే నడుస్తోంది. "ఈ క్యూ కదిలిస్తానని ఎవరైనా ఒట్టేసి చెప్పమను మాస్టారూ, పార్టీ చూడకుండా వేసేస్తా" అన్నాడు బావ. ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.

2025 సెప్టెంబరులో ఆ తమ్ముడు తండ్రిని చూడటానికి వచ్చాడు. సరిగ్గా అప్పుడే హెచ్-1బీకి లక్ష డాలర్ల ఫీజు అని ప్రకటన. అర్ధరాత్రి నన్ను నిద్రలేపి షాపు తెరిపించి టికెట్లు, జీతం స్లిప్పులు, పాత వీసా కాగితాలు అన్నీ ప్రింటు తీయించుకున్నాడు. కొత్త దరఖాస్తులకేనని మర్నాడు వివరణ వచ్చింది. అప్పటికే విశాఖ వెళ్లే కారెక్కేశాడు. దానికి నెల ముందే రొయ్యలతో సహా మన సరుకుల మీద అమెరికాలో 50 శాతం సుంకం పడింది. మాస్టారి అల్లుడికి సంతబొమ్మాళి వైపు రెండు రొయ్యల చెరువులున్నాయి. ఆ తర్వాత మాస్టారు హ్యూస్టన్ ఊసెత్తలేదు. పేపర్లో అమెరికా వార్తల పేజీ కూడా తిప్పేస్తున్నారు.

ప్రశ్న అమెరికా గురించి. కానీ నాకు ఈ సంగతి నేర్పింది మా బావ కాదు, ఎచ్చెర్ల మండలం మత్స్యకారుల ఆడవాళ్లు. ఇక్కడ జెట్టీలు లేక, చేప దొరక్క, మగవాళ్లు ఏటా గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి బోట్ల మీద పనిచేస్తారు. 2018 నవంబరులో మన జిల్లా, విజయనగరం జిల్లావాళ్లున్న బోట్లని పాకిస్తాన్ పట్టుకుపోయి కరాచీ జైల్లో పెట్టింది. అర్జీలకి జతచేయడానికి ఆధార్లు, రేషన్ కార్డులు పట్టుకుని ఆడవాళ్లు నా షాపుకి వచ్చేవారు. మధ్యలో పుల్వామా, బాలాకోట్, వెంటనే 2019 ఏప్రిల్ 11న పోలింగ్. ఊరంతా దేశభక్తితో ఊగిపోతోంది. నేను కూడా ఉండబట్టలేక ఒకావిడని అడిగాను, బాలాకోట్ గురించి ఏమనుకుంటున్నావు పిన్నీ అని.

"అయ్యన్నీ నాకేటి తెల్సు బాబూ. యుద్ధమొస్తే మావోడు ఆ జైల్లోనే ఉండిపోతాడు గదా. మావోడి పేరు నోటెంట పలికినోడికే నా ఓటు" అంది. ఆ రోజు నేను డబ్బులు తీసుకోలేదు. 2020 జనవరి 6న 20 మందిని వాఘా దగ్గర అప్పగించారు. ఆవిడ ఎవరికి వేసిందో నేను అడగలేదు.

ఆ జైల్లో ఉన్నవాళ్ల ఓటు సంగతి వదిలేయండి, వెరావల్‌లో క్షేమంగా ఉన్నవాడికీ ఓటు లేదు, సొంత ఖర్చుతో రైలెక్కి వస్తే తప్ప. గల్ఫ్‌లో ఉన్నవాడు 2011 నుంచి ప్రవాస ఓటరుగా పేరు నమోదు చేసుకోవచ్చు, వెయ్యాలంటే మాత్రం ఊరొచ్చి బూత్‌లో నిలబడాలి. మా బావేమో శ్రీకాకుళం సందులో కూర్చుని, నా టేబుల్ మీద, నా నల్ల పెన్నుతో అమెరికా జడ్జీలని కూడా ఎన్నుకుని, కొరియర్‌కి రెండు వేల పైచిలుకు కట్టి ఇంటికెళ్లి భోంచేశాడు. దీని మీద విడిగా ఒక ప్రశ్న అడగండి, నా దగ్గర చాలా ఉంది.

ఆ రోజు బావ వెళ్లాక కవిటి కుర్రాడు వీసా కాగితాలు తీసుకుంటూ అడిగాడు: "మాకూ ఇలాగే మెయిల్లో పంపుతారా అన్నా, కువైట్‌లో ప్రింటు తీసుకోడానికి?" లేదని చెప్పాను. ఇరవై రూపాయలిచ్చి వెళ్లాడు. మొన్న సెలవు మీద వచ్చి ఫోటోలకి షాపులో దిగాడు. గుమ్మంలోంచే నవ్వుతూ, "నా ఓటు ప్రింటు వచ్చిందా అన్నా?"