ఈఎస్‌పీ32 వెబ్ పేజీ ఇద్దరు ముగ్గురు తెరిస్తే ఎందుకు ఆగిపోతోంది?

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉష్ణోగ్రత చూపే ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు) పేజీని ఇద్దరు ముగ్గురు ఒకేసారి తెరిస్తే ఆగిపోతోందని అడిగారు. బోర్డు చెడిపోలేదండీ, సాకెట్లు (ఒక్కో కనెక్షన్‌కి ఒకటి చొప్పున కావాల్సిన చోట్లు) అయిపోతున్నాయి.

ఈఎస్‌పీ-ఐడీఎఫ్ (ఈ బోర్డుకి ప్రోగ్రాం రాసే సాఫ్ట్‌వేర్ కిట్) వెబ్ సర్వర్ మామూలుగా ఒకేసారి 7 కనెక్షన్లే తీసుకుంటుంది. క్రోమ్ ఒక్కటే ఒక సర్వర్‌కి 6 దాకా తెరవగలదు. సీఎస్‌ఎస్ (పేజీ రూపం చెప్పే కోడ్), స్క్రిప్టు, బొమ్మలు విడివిడి ఫైళ్లుగా ఉంటే అదే జరుగుతుంది. పైగా కీప్-అలైవ్ (కనెక్షన్‌ని తెరిచే ఉంచే పద్ధతి) వల్ల పని అయ్యాక కూడా బ్రౌజర్ వాటిని వెంటనే వదలదు. గుమాస్తా ఫోన్ ఒక్కటే దాదాపు అన్నీ పట్టుకు కూర్చుంటుంది, ఓనరు గారి ఫోన్‌లో చక్రం తిరుగుతూనే ఉంటుంది.

సర్వర్ కాన్ఫిగ్‌లో (సెట్టింగుల్లో) ఎల్ఆర్‌యూ పర్జ్ ఆన్ చేయండి, డిఫాల్ట్‌గా అది ఆఫ్‌లో ఉంటుంది. అప్పుడు అన్నీ నిండి ఉండగా కొత్త కనెక్షన్ వస్తే, ఎక్కువసేపు వాడకుండా ఉన్న పాతదాన్ని సర్వరే మూసేస్తుంది. తర్వాత సీఎస్‌ఎస్, స్క్రిప్టు పేజీలోనే కలిపేయండి. నన్నడిగితే అసలు మందు ఇదే.

7 దాటి పెంచాలంటే ఎల్‌డబ్ల్యూఐపీ (బోర్డులో నెట్‌వర్క్ పని చూసే సాఫ్ట్‌వేర్) సాకెట్ల సంఖ్య కూడా పెంచాలి. ఆ ఎల్‌డబ్ల్యూఐపీ సాకెట్లలో 3 సర్వర్ తన సొంతానికి వాడుకుంటుంది. ప్రతి కనెక్షనూ ర్యామ్ తింటుంది కాబట్టి ఊరికే పెంచకండి. యాక్సెస్ పాయింట్‌లో (బోర్డే వైఫై ఇచ్చేటప్పుడు) పెట్టే పరిమితి వేరు, అది ఫోన్లను లెక్కపెడుతుంది, కనెక్షన్లను కాదు.