గైడ్ హెచ్-ఇండెక్స్ 52 అయితే సరిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ పూర్తి చేసింది. సీఎస్‌ఐఆర్ నెట్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చింది. క్యాన్సర్ పరిశోధనలో పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఇక్కడే బెంగళూరులో ఇద్దరు గైడ్‌లు తీసుకుంటామన్నారు. ఒకరు సీనియర్ ప్రొఫెసర్, హెచ్-ఇండెక్స్ 52. ఇంకొకావిడ ల్యాబ్ పెట్టి ఎనిమిదేళ్లే, ఆవిడది 17. నేను ఆయన దగ్గర చేరమంటున్నాను, అమ్మాయి ఆవిడ వైపు మొగ్గుతోంది. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, మారతహళ్లి

జవాబు: ఆ 52 ఎలా వస్తుందో ముందు చూడండి. ఇది 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త చెప్పిన లెక్క. ఒకరి పరిశోధన పేపర్లలో ఎన్నింటికి కనీసం అన్నేసి సైటేషన్లు (ఇతర పేపర్లలో ప్రస్తావనలు) వచ్చాయో ఆ అంకే హెచ్-ఇండెక్స్. ఒకరి ఆరు పేపర్లకు వరసగా 40, 25, 12, 6, 5, 3 సైటేషన్లు వచ్చాయనుకోండి. ఐదో పేపరుకు ఐదున్నాయి, ఆరోదానికి ఆరు లేవు. కాబట్టి హెచ్-ఇండెక్స్ 5. మొదటి పేపరుకు 40 బదులు 4,000 వచ్చినా అది 5 దాటదు. పైగా పాత పేపర్లకు సైటేషన్లు పోవు గనక సర్వీసు పెరిగేకొద్దీ ఈ నంబరు పెరగడమే తప్ప తగ్గడం ఉండదు. ఎనిమిదేళ్ల ల్యాబ్‌ను, దశాబ్దాల సర్వీసును ఈ ఒక్క అంకెతో పోల్చడం అన్యాయం.

క్యాన్సర్ రంగంలో ఇంకో చిక్కుంది. దేశదేశాల్లో వ్యాధుల భారాన్ని లెక్కించే గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ వంటి అంతర్జాతీయ అధ్యయనాల్లో వందల మంది రచయితలుంటారు, సైటేషన్లు వేలల్లో వస్తాయి. ఆ వేలూ ప్రతి ఒక్కరి ఖాతాలోనూ పడతాయి, అలాంటి పేపర్లు కొన్ని చేరితే హెచ్-ఇండెక్స్ కూడా పెరుగుతుంది. ఇతరుల పరిశోధనలను సమీక్షించే రివ్యూ వ్యాసాలకూ ఇలాగే సైటేషన్లు ఎక్కువ. 2000లో ‘సెల్’ పత్రికలో హానహాన్, వైన్‌బర్గ్ రాసిన క్యాన్సర్ లక్షణాల వ్యాసం లోకమంతా సైట్ చేసే రివ్యూ. రివ్యూలు రాయడం తప్పు కాదు. కానీ మీ అమ్మాయికి కావలసింది ప్రయోగాలు నడిచే ల్యాబ్.

అందుకని ఒక సాయంత్రం కూర్చుని ఇద్దరి పేపర్లూ పబ్‌మెడ్‌లో (వైద్య, జీవశాస్త్ర పేపర్లు వెతికే వెబ్‌సైట్) తీయమనండి. చివరి ఐదేళ్లవి చాలు. ఇక్కడ మనవాళ్ల పేర్లతో జాగ్రత్త. పబ్‌మెడ్‌లో చాలావరకు ఇంటిపేరు, ఇనీషియళ్లతోనే వెతుకుతారు, ‘రెడ్డి ఎస్’ అని కొడితే ఎందరో వస్తారు. సంస్థ పేరు జోడించాలి, ఊరి పేరు పాత, కొత్త స్పెల్లింగులు రెండూ ప్రయత్నించాలి. గైడ్ ఆర్కిడ్ (ORCID) నంబరు, అంటే ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, దొరికితే ఇంకా మేలు. గూగుల్ స్కాలర్ ప్రొఫైల్ ఎవరిది వారే పెట్టుకునేది. ఇంకెవరివో పేపర్లు అందులో కలిసిపోవడం మామూలే. సొంత సైటేషన్లు (తమ పేపర్లను తామే ప్రస్తావించుకున్నవి) తీసేసి లెక్క చూడాలంటే స్కోపస్ అనే డేటాబేస్ వాడొచ్చు, అది చందా కట్టిన లైబ్రరీల్లో దొరుకుతుంది.

ఇప్పుడు ప్రతి పేపరులో మొదటి పేరు, చివరి పేరు చూడమనండి. ఈ రంగంలో మొదటి పేరు సాధారణంగా ప్రయోగం చేసినవారిది, చివరిది ల్యాబ్ నడిపినవారిది. గైడ్ చివర ఉండి, ముందున్నది ఆ ల్యాబ్ విద్యార్థి అయితే ఆ పేపరు అక్కడ పుట్టిందన్నమాట. గైడ్ పేరు ఎప్పుడూ మధ్యలోనే ఉంటే, 52 ఎంత పెద్దగా కనిపించినా ఆ ల్యాబ్‌లో విద్యార్థికి దక్కేది తక్కువ. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద ఆధారం ఇదే. నిరుడు వచ్చిన పేపరుకు సైటేషన్లు లేకపోతే కంగారు పడొద్దు, అవి రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది.

తర్వాత మన విశ్వవిద్యాలయాల థీసిస్‌లు ఉండే శోధ్‌గంగ వెబ్‌సైట్ తెరిచి ఆ గైడ్ దగ్గర వచ్చిన థీసిస్‌లు వెతకండి. చాలా వాటికి రిజిస్ట్రేషన్ తేదీ, పూర్తయిన తేదీ ఉంటాయి. ఐఐఎస్‌సీ థీసిస్‌లకు దాని సొంత రిపాజిటరీ ఉంది. ఫెలోషిప్ రెండేళ్లు జేఆర్‌ఎఫ్‌గా నెలకు 37,000, ఆ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా (సీనియర్ రీసెర్చ్ ఫెలో) 42,000, మొత్తం ఐదేళ్లు. విద్యార్థులకు ఏడేళ్లు పడుతోందంటే చివరి రెండేళ్లు డబ్బెక్కడిదో అడగాలి. పేపర్ల పేర్లు పబ్‌పీర్‌లోనూ (అచ్చయిన పేపర్ల మీద పరిశోధకులు వ్యాఖ్యానించే వెబ్‌సైట్) వెతకండి. ప్రొటీన్లను గుర్తించే వెస్టర్న్ బ్లాట్ పరీక్ష బొమ్మ ఒకటే రెండు చోట్ల వాడారన్న ఫిర్యాదులు అక్కడ కనిపిస్తాయి. ఒక ఫిర్యాదు ఉందని తీర్పు చెప్పకూడదు, రచయితలు ఏం జవాబిచ్చారో చదవాలి. అవే ఫిర్యాదులు మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం ఆ ల్యాబ్‌ను వదిలేయండి.

ఆవిడది నోటి క్యాన్సర్ పని అయితే 17ను మరీ చిన్నచూపు చూడకండి. రొమ్ము క్యాన్సర్ మీద పనిచేసేవారు ప్రపంచమంతా ఎక్కువ, సైటేషన్లూ ఎక్కువే. మన దేశంలో పొగాకు, గుట్కా వల్ల నోటి క్యాన్సర్ ఎక్కువ కాబట్టి పని విలువ వేరు.

చేరే ముందు అమ్మాయి రెండు ల్యాబ్‌లలోనూ మూడో, నాలుగో ఏడాది విద్యార్థులతో విడిగా మాట్లాడాలి. మొదటి పేపరు ఎప్పుడొచ్చింది, గైడ్ డ్రాఫ్టు చూడటానికి ఎన్నాళ్లు తీసుకుంటారు, సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ క్రమం చదివే పరీక్ష) ఖర్చు ఏ ప్రాజెక్టు భరిస్తోంది అని అడగాలి. ప్రాజెక్టుకు ఆసుపత్రి నుంచి రోగుల కణజాలం కావాలంటే, ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికొచ్చిందా, ఇంకా దరఖాస్తులోనే ఉందా అన్నది తప్పకుండా కనుక్కోవాలి. ఇంకా రాకపోతే, అది వచ్చేదాకా సెల్ లైన్ల (ల్యాబ్‌లో పెంచే కణాల) మీద చేయడానికి ఏం పని ఉందో గైడ్‌నే నేరుగా అడగమనండి.