రౌటర్ మార్చే ముందు లోపం ఏ అంచెలో ఉందో తేల్చుకోండి

రాత్రి ఎనిమిది దాటాక ఇంట్లో ఇంటర్నెట్ నెమ్మదిస్తోందని, రౌటర్ మార్చాలో కనెక్షనే మార్చాలో తెలియడం లేదని మీరు అడిగారు. లోపం ఎక్కడుందో తెలియకుండా వాటిలో ఏది మార్చినా డబ్బు దండగే అవుతుంది. మా ఇంట్లో నేను సరిగ్గా ఆ పనే చేశాను కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలుగుతున్నాను.

విజయవాడలో మాది మేడ ఉన్న ఇల్లు. బయటి నుంచి ఇంటర్నెట్ లైన్ వచ్చి చేరే ఫైబర్ పెట్టె కింద హాల్లో ఉంటుంది. అక్కడి నుంచి ఒక ల్యాన్ కేబుల్ మెట్ల పక్క కిటికీ మీదుగా పై గదిలోని రెండో రౌటర్‌కు వెళ్తుంది. మా ప్లాన్ 200 ఎంబీపీఎస్. కింద ఎప్పుడు చూసినా 190 పైనే వచ్చేది, పైన మాత్రం 94 దాటేది కాదు. ఫోన్ చేసిన ప్రతిసారీ కస్టమర్ కేర్ వారు రౌటర్ ఆపి ఆన్ చేయమనేవారు. మరో గంటకు సమస్య పరిష్కారమైందంటూ మెసేజ్ వచ్చేది. లోపం ఎక్కడుందని ఒక్కరూ అడగకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. చివరికి మా బావమరిది సలహాతో 3,200 రూపాయలు పెట్టి పై గదికి కొత్త రౌటర్ కొన్నాను. అదీ 94 దగ్గరే ఆగిపోయింది.

అప్పుడు కాగితం, కలం తీసుకుని ఒక్కో అంచె పరీక్షించడం మొదలుపెట్టాను. ల్యాప్‌టాప్‌ను చిన్న కేబుల్‌తో నేరుగా ఫైబర్ పెట్టెకు కలిపితే 196 వచ్చింది. అదే ల్యాప్‌టాప్‌ను మేడ మీదికి తీసుకువెళ్లి, రౌటర్‌తో పని లేకుండా పొడవాటి కేబుల్ చివరను దానికే గుచ్చితే 94 వచ్చింది. అంటే తప్పు రౌటర్‌ది కాదు, వైఫైది అసలే కాదు. అయినా ఫైబర్ పెట్టెకు పింగ్ (జవాబు వస్తుందో లేదో చూసే చిన్న పరీక్ష సందేశాలు) పంపితే ఒక్కటి కూడా దారిలో తప్పిపోకపోవడంతో, కేబుల్ బాగానే ఉందని దాదాపు తీర్మానించుకున్నాను. ల్యాప్‌టాప్ సెట్టింగుల్లో లింక్ స్పీడ్ (కేబుల్ రెండు చివరల పరికరాలు కుదుర్చుకున్న వేగం) 1000 ఉండవలసిన చోట 100 అని కనిపించాకే విషయం బోధపడింది. ల్యాన్ కేబుల్‌లో నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగుల్లో నాలుగు జతల తీగలుంటాయి. 100 వేగానికి మొదటి రెండు జతలు చాలు, 1000కి మాత్రం నాలుగూ కావాలి. నీలం జతలోనో గోధుమ జతలోనో ఒక్క తీగ తెగినా కనెక్షన్ పూర్తిగా పోకపోవచ్చు. వేగం 100కు దిగి మామూలుగానే నడుస్తూ ఉంటుంది. అందులోనూ ప్రతి డేటా ముక్కకూ తగిలించే చిరునామా వంటి వివరాలకు (హెడర్లకు) పోయేది పోగా స్పీడ్ టెస్టులో 94 దాకా మిగులుతుంది.

కిటికీ రెక్క పడే చోట కేబుల్ చదునుగా నలిగి ఉంది. బ్లేడుతో పై తొడుగు చీల్చి చూస్తే గోధుమ రంగు తీగ ఒకటి రెండు ముక్కలై ఉంది, తెగిన చోట లోపల తెల్లగా మెరుస్తోంది. రాగి అని చెప్పి అమ్మిన ఆ కేబుల్‌లో ఉన్నది రాగి పూత పూసిన అల్యూమినియం. అది ఒంపులు తిరిగే చోట రాగి కంటే తొందరగా విరుగుతుంది. ఇలాంటి కేబుల్‌నే పైపు కూడా వేయకుండా గోడలో పెట్టి ప్లాస్టరింగ్ చేసేవారి మీద నాకు చాలా కోపం, ఎందుకంటే అది పాడైతే గోడ పగలగొట్టడం తప్ప దారి లేదు. కొనేటప్పుడు తీగను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెలుపు కనిపిస్తే వెనక్కి ఇచ్చేయండి. అసలు రాగి కేబుల్ 25 మీటర్లు తెచ్చి వేస్తే, పాత రౌటర్‌తోనే పై గదిలో 195 వచ్చింది.

ఇక మీ సంగతికి వస్తే, ఈ రాత్రి ఎనిమిదిన్నరకు ఒకసారి, రేపు ఉదయం ఆరింటికి ఒకసారి ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో ఫైబర్ పెట్టెకు కలిపి వేగం రాసుకోండి. ఆ రెండు వేళల్లోనే మీరు రోజూ కూర్చునే చోట వైఫై వేగం కూడా రాసుకోండి. రాత్రి కేబుల్ మీద కూడా వేగం పడిపోతే లోపం చాలావరకు కంపెనీ వైపే ఉంటుంది, ఆ అంకెలను వేళలతో సహా ఫిర్యాదులో పెట్టండి. కేబుల్ మీద నిలకడగా ఉండి వైఫై ఒక్కటే తగ్గితే, ఆ వేళకు చుట్టుపక్కల ఇళ్ల వైఫైలన్నీ ఒకేసారి పనిలో పడుతున్నాయని అనుమానించాలి, వైఫై తరంగ శ్రేణుల్లో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిపై ఒకటి పడకుండా వాడుకోదగినవి 1, 6, 11 అనే మూడు ఛానెళ్లే కాబట్టి ముందు మరో శ్రేణి అయిన 5 గిగాహెర్ట్జ్‌కు మారి చూడండి. ఫైబర్ పెట్టె మీద ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా వెలిగితే మాత్రం బయటి నుంచి కాంతే రావడం లేదని అర్థం, అప్పుడు సెట్టింగులు కెలకకుండా లైన్‌మ్యాన్‌ను పిలవండి. అంకెలు రాసుకోకముందే రౌటర్‌ను ఆపి ఆన్ చేయకండి, చేస్తే ఆ క్షణంలో ఉన్న ఆధారం కాస్తా చెరిగిపోతుంది. ఒకేసారి రెండు మార్పులు కూడా చేయవద్దు. ఆ నాలుగు అంకెలూ ఇక్కడ రాస్తే, తరవాత ఏ అంచె చూడాలో చెబుతాను.