డబ్బు సరఫరా, రూపాయి విలువ చూసి దేశం ఆర్థిక స్థితి చెప్పవచ్చా?

చెప్పవచ్చు, కానీ ఏ ఒక్కదాన్నో పట్టుకుంటే బోల్తా పడతాం.

డబ్బు సరఫరా అంటే చేతులు మారే నోట్లే కాదు. జనం దగ్గరి నగదు, సేవింగ్స్, కరెంటు ఖాతాల నిల్వలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు కలిపితే దాదాపు రిజర్వ్ బ్యాంకు చెప్పే ఎం3 వస్తుంది. అందులో నోట్ల వాటా తక్కువే. భీమవరంలో రొయ్యల చెరువు రైతుకి బ్యాంకు 10 లక్షల అప్పిచ్చి ఖాతాలో జమ చేసిందనుకోండి, ఒక్క నోటూ అచ్చు వేయకుండానే ఎం3 10 లక్షలు పెరిగినట్టు. చాలామంది గమనించని సంగతి ఇదే. 2016 నవంబరులో విలువలో 86 శాతం నోట్లు రద్దయినా ఎం3 ఆ మేరకు కూలలేదు. డబ్బు ఇంట్లోంచి ఖాతాలోకి మారింది, అంతే.

డబ్బు సరఫరా పెరగడం తప్పు కాదు, సరుకూ తగ్గట్టు పెరగాలి. దాళ్వా (రబీ వరి) పంట నిరుటంతే ఉండి, కొనేవాళ్ల డబ్బు రెట్టింపైతే బస్తా ధర ఊరుకోదు. కోతలకీ పండగలకీ నగదు వాడకం పెరగడం మామూలే కాబట్టి, పోయిన నెలతో కాదు, పోయినేడాది ఇదే నెలతో పోల్చండి.

ఇక రూపాయి. డాలరుతో దాని విలువ పడితే అమెరికాకి రొయ్యలు పంపేవాళ్లకి డాలరుకి ఎక్కువ రూపాయలొస్తాయి, దిగుమతయ్యే ముడిచమురు మాత్రం ప్రియమవుతుంది. (ఆ లాభంలో చెరువు రైతుదాకా ఎంత వస్తుందన్నది వేరే గొడవ.)